ఒకే మాట, రెండు గడులు

పన్నెండేళ్లకు పైగా ఒక మాటను మోస్తున్నాను. రెండక్షరాల మాట. దాన్ని రెండు చోట్ల విన్నాను, రెండు విధాలుగా రాశాను. రెండోసారి రాసేనాటికి మొదటిసారి రాసింది తప్పని నాకు తెలుసు. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పబోతే ముందుగా నా తరఫు వాదన వినిపించేవాణ్ని. మీకైతే జరిగినది జరిగిన వరుసలో చెప్పగలను.

నేను గణాంకశాస్త్రం చదివినవాణ్ని. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి సూరారంలో రెండు గదుల వాటాలో కాపురం పెట్టాను. తొంభైల నడుమ ఒక అధ్యయన సంస్థలో పనిచేసేవాణ్ని. మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతంలో పక్కపక్కనే బతుకుతున్న రెండు జనసముదాయాల ఆర్థిక, సామాజిక స్థితిగతులను పోల్చి చూడడం మాకు అప్పగించిన పని. ఒకటి తెలుగు రైతుల ఊరు. రెండోది ఆ ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న లంబాడీ తండా. వాటి పేర్లు చెప్పను. ప్రశ్నావళి తయారుచేసింది నేనే. ప్రతి ప్రశ్నకూ ఎదురుగా ఒక గడి, గడిలో ఒక అంకె. మనిషి నోట వచ్చిన మాటను అంకెగా మార్చడమే నా విద్య. ఆ మార్పులో ఏదీ జారిపోకూడదన్నది నా పట్టుదల. ఆ పట్టుదలనే నిజాయితీ అనుకునేవాణ్ని.

రెండు చోట్ల మధ్య తేడాలు ఉన్నాయి. వాటిని నేను కల్పించలేదు. ఊరికి తారు రోడ్డు ఉంది, తండాకు బండ్లబాట. ఊళ్లో బోర్లు, ద్రాక్షతోటలు, తెల్లవారగానే మేడ్చల్ వెళ్లే పాల క్యాన్లు. తండా ఆడవాళ్లు ఆ ద్రాక్షతోటల్లోనే కూలికి పోయేవారు. మగవాళ్లు కొందరు గాజులరామారంలో గది తీసుకుని ఫ్యాక్టరీల్లో పనిచేసేవారు. బళ్లో తండా పిల్లలు వెనక వరుసలో కూర్చునేవారు, పంతులు మాట్లాడే భాష వాళ్లు ఇంట్లో మాట్లాడేది కాదు కనుక. ఇవన్నీ నా పట్టికల్లో సరిగానే ఉన్నాయి. ఎవరు వచ్చి సరిచూసినా నిలుస్తాయి. నిలవనిది ఒక్కటే, పదిహేడో ప్రశ్న. సాగులో ఉన్న భూమి మీద మీకున్న హక్కు ఏమిటి? పట్టా ఉంటే ఒకటి వేయాలి. పట్టా లేకపోయినా భూమి తమ స్వాధీనంలో ఉండి దున్నుకుంటుంటే రెండు, కౌలు అయితే మూడు, ఆక్రమణ అయితే నాలుగు.

ముందు తండాకే వెళ్లాను. మొదటి ఇల్లు సోమ్లిది. ముప్పై అయిదేళ్లుంటాయి. వాకిట్లో కందులు చెరుగుతూ, చేట ఆపకుండానే జవాబులు చెప్పింది. ఇంట్లో ఫ్యాను ఉందా అని అడిగితే ముందు నవ్వింది.

"కరెంటే లేదు. పంకా దేనితోని దిరుగుతది సార్? నీ కాయితంతోని ఇసురుకోవాల్నా?"

లేదని రాసుకున్నాను. సైకిలు, రేడియో, గడియారం. అన్నీ అడిగాను.

"దినమంత గిట్ల అడుక్కుంట తిరుగుడేనా నీ పని? దీనికి జీతమిస్తరా?"

"ఇస్తారమ్మా."

"మస్తున్నది. మా మరిదికి సుత ఇప్పియ్యి. వాడు దినమంత గదే జేస్తడు, ఉత్తగ."

అరుగు మీద కూర్చున్న మరిది తల తిప్పుకున్నాడు. నేను కూడా నవ్వాను. తరువాత పదిహేడో ప్రశ్న.

"భూమికి పట్టా ఉందా అమ్మా?"

"పట్టా యాడిది! ఇస్తమన్నరు, ఇయ్యలే. ఇద్దరు తాసిల్దార్లు మారిండ్రు, మేం గాడనే ఉన్నం."

"మరి భూమి మీదని ఎలా చెబుతున్నారు?"

"కబ్జా మాదే గద సార్! మా మామ రాళ్లేరిండు, నేనొచ్చినంక నేనేరిన. కబ్జా మాదే."

ఎంత నిర్భయంగా ఒప్పుకుంటోంది అనుకున్నాను. నేను పెరిగిన చోట ఆ మాట వాడరు. నగరానికి వచ్చాక పత్రికల్లోనే దాన్ని చూశాను. ఖాళీ స్థలం కబ్జా, చెరువు కబ్జా. ఎవరిదో లాక్కోవడం అన్న ఒక్క అర్థమే నాకు తెలుసు. గడిలో నాలుగు వేశాను.

చేట ఆపి అడిగింది. "ఏం రాసినవ్?"

"మీరు చెప్పిందే రాశాను."

"రాయి రాయి. సర్కారోళ్లు సదువుకోవాలె."

ఆ రోజూ మరునాడూ తండా అంతా తిరిగాను. దాదాపు ప్రతి ఇంట్లోనూ అదే మాట, అదే ధీమా. ప్రతి గడిలోనూ నాలుగే వేశాను. ఇంతవరకు జరిగింది పొరపాటు. దీన్ని నేరమని నేను అనను. పరాయి మాండలికం విన్నప్పుడు అర్థం అడిగి తెలుసుకోని గణకుడి అజాగ్రత్త ఇది. నేను మీకు చెప్పదలచుకున్నది దీని తరువాతిది.

వారం తరువాత ఊళ్లోకి వెళ్లాను. ఊరి పెద్ద, పటేలు గారు, కుర్చీ వేయించి మజ్జిగ తెప్పించారు. అక్కడి పెద్ద ద్రాక్షతోట ఆయనదే. పట్టా తాత పేరు మీద కొంతే ఉందని, మిగిలిన భూమి తెల్లకాగితం మీద రాయించుకుని కొన్నదని చెప్పారు. "రిజిస్ట్రీ గాలే. పట్టా గాలే. కబ్జా మనదే."

నా పెన్సిలు ఆగింది. "ఆక్రమించారా అండీ?" అన్నాను.

ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. "గదేంది సార్, గంత సదువుకున్నోనివి! కబ్జా అంటే గుంజుకునుడు గాదు. భూమి మన చేతుల ఉన్నది, మనం దున్నుతున్నం అని. సర్కారోళ్ల భూమి లెక్కల, పహాణీల సుత గదే మాట. మీ పేపరోళ్లే దాన్ని ఖరాబ్ జేసిండ్రు."

గడిలో రెండు వేశాను.

ఈ ఒక్క అంకె దగ్గర నన్ను ఆపండి. రెండు అని వేస్తున్నప్పుడు తండా నాకు గుర్తు వచ్చిందా? వచ్చింది. సోమ్లి కూడా ఇదే మాట అన్నదని గుర్తు వచ్చిందా? చేట ఆగిన చప్పుడుతో సహా. అప్పటికి నివేదిక రాయలేదు. పట్టికలు వేయలేదు. తండా కాగితాలు ఒకే కట్టగా నా బీరువాలో ఉన్నాయి. రబ్బరుతో చెరిపి నాలుగును రెండు చేయడానికి పూటకు మించి పట్టదు. ఆ పూటను నేను ఖర్చు చేయలేదు. మరచిపోలేదు, తీరిక లేక కాదు, ఎవరూ వద్దనలేదు.

మరి ఎందుకు? చాలాకాలం నాకు నేను చెప్పుకున్న కారణం ఒకటుంది. మళ్లీ తండాకు వెళ్లి ప్రతి ఇంట్లోనూ అడిగి నిర్ధారించుకోకుండా జవాబు మార్చడం పద్ధతి కాదన్నది. వినడానికి శాస్త్రీయంగానే ఉంది. కానీ బండ్లబాట మీద స్కూటరు నడపడం నాకు తెలియనిదేమీ కాదు. అసలు కారణం పట్టికలో ఉంది. నాలుగు నాలుగుగానే ఉంటే రెండు సముదాయాల మధ్య తేడా ఒక్క చూపులో కనిపించేది: ఇటు హక్కులు తెలిసి భూమిని భద్రపరచుకున్నవాళ్లు, అటు ఎవరిదో దున్నుకుంటున్నవాళ్లు. నాలుగును రెండు చేస్తే ఆ వరుసలో ఊరూ తండా పక్కపక్కన నిలబడతాయి, ఉభయులకూ కాగితం లేదు, ఉభయులూ దున్నుతున్నారు. పోల్చి చూసే అధ్యయనంలో తేడా లేదని తేలితే ఎవరు చదువుతారు? అంతకంటే లోతుగా మరొకటి ఉంది. ఆ మాట పటేలు గారి నోట ఒక అర్థంతో, సోమ్లి నోట మరొక అర్థంతో వినిపించడం నాకు అసహజంగా తోచలేదు. కుర్చీ వేసినవాడు ఆక్రమించాడని నేను నమ్మలేకపోయాను. వాకిట్లో కూర్చున్నది ఆక్రమించిందని నమ్మడానికి నాకు ఒక్క క్షణం పట్టలేదు. అంకెలకు కులం, తెగ ఉండవని చెప్పుకునేవాణ్ని. వాటిని వేసే చేతికి ఉంటాయి.

నివేదిక బాగుందన్నారు. ఆ పట్టిక దగ్గర మా సంస్థ అధిపతి వేలు పెట్టి, తేడా ఇంత స్పష్టంగా చూపినవాళ్లు లేరన్నారు. నేను వినయంగా నిలబడ్డాను.

రెండువేల సంవత్సరం దాటాక ఆ వైపు భూములకు రెక్కలొచ్చాయి. తండా చేలు, ఊరి చేలు కొన్ని కలిపి ఒక సర్కారు అవసరానికి తీసుకున్నారు. పట్టా లేకపోయినా స్వాధీనంలో ఉన్నవాళ్లకు కీసర వైపు బదులు భూమి ఇస్తామన్నారు; ఆక్రమణదారులకు ఏమీ లేదు. ఎవరు ఏ కోవలోకి వస్తారో తేల్చడానికి చూసిన పాత కాగితాల్లో మా నివేదిక ఒకటి. పటేలు గారికి బదులు భూమి వచ్చింది, న్యాయంగానే వచ్చింది. తండాకు నోటీసులు వచ్చాయి. భూసేకరణ కార్యాలయంలో చేరిన నా పాత సహోద్యోగి ఒక ప్రతి నాకు తెచ్చి ఇచ్చాడు, నేను సంతోషిస్తాననుకుని. అందులో వీరు ఆక్రమణదారులని గత అధ్యయనం స్పష్టం చేస్తున్నదని ఉంది. సోమ్లి పేరు మూడో వరుసలో ఉంది.

ఒక్క పుట ఉత్తరం రాసి ఉంటే ఆ వాక్యం నిలిచేది కాదు. అప్పటికి నేను పై ఉద్యోగంలో ఉన్నాను. ఉత్తరం రాయలేదు. నోటీసు ప్రతిని మడిచి, ఎవరూ తెరవని ఫైల్లో పెట్టాను. చేలు పోయాయి. తండావాళ్లు వేసిన అర్జీ ఒక బల్ల నుంచి మరొక బల్లకు తిరుగుతోందని విన్నాను. విని ఊరుకున్నాను.

ఈ మధ్య కొత్తగా చేరిన గణకులకు శిక్షణ ఇస్తున్నాను. భూమి ప్రశ్న వచ్చింది. సిద్దిపేట వైపు నుంచి వచ్చిన ఒక ఉద్యోగిని లేచి అడిగింది: "సార్, కబ్జా మాదే అంటే ఏ కోడ్ వెయ్యాలె?"

"రెండు," అన్నాను. ఆలోచించకుండా, నా మామూలు ధీమాతో.

"తండాల చెప్పినా రెండేనా సార్?"

"ఎక్కడ చెప్పినా రెండే." నల్లబల్ల మీద సుద్దముక్కతో అంకె వేసి చుట్టూ గీత కూడా గీశాను. వెనక్కి తిరిగితే పాతిక మంది దాన్ని పుస్తకాల్లో దించుకుంటున్నారు. నిజం నాకు ఇంత తేలికగా వచ్చునని అప్పుడు తెలిసింది. ఇక తెలియదనడానికి చోటు మిగల్లేదు.

మరునాడు వాంగ్మూలం రాశాను. మూడు పుటలు. పదిహేడో ప్రశ్న, రెండు అంకెలు, పటేలు గారు ఇచ్చిన వివరణ, నేను దిద్దకపోవడం, నోటీసు చూసి కూడా మాట్లాడకపోవడం, అన్నీ వరుసగా. సంతకం పెట్టి ఒక ప్రతి భూసేకరణ కార్యాలయానికి, ఒకటి తండా తరఫు వకీలుకు ఇచ్చాను. మూడో ప్రతి తీసుకుని సోమ్లి దగ్గరికి వెళ్లాను.

ఇళ్లు అక్కడే ఉన్నాయి. వెనుక చేలు ఉండవలసిన చోట పొడుగాటి ప్రహరీ గోడ. సోమ్లి మేకలకు ఆకు కడుతోంది. నన్ను గుర్తుపట్టలేదు. నేనెవరో చెప్పాను, ఏం చేశానో చెప్పాను. ఆకు కట్టడం అయ్యేదాకా విన్నది.

"ఇప్పుడు జెప్తే ఏం ఫాయిదా?"

"అర్జీకి పనికి రావచ్చు. రాకపోనూవచ్చు. భూమి వస్తుందని నేను చెప్పలేను."

"తెలిసి గూడ ఇన్నేండ్లు ఎట్ల ఊకున్నవ్?"

"తెలిసే ఊరుకున్నాను," అన్నాను. మీకు పైన రాసిన కారణాలు ఒక్కటీ దానికి కలపలేదు. క్షమించమని అడగలేదు. అడిగే అర్హత లేదని కాదు, అడిగితే ఆవిడకు మరొక పని అప్పజెప్పినట్టవుతుంది.

సోమ్లి చేతులు కడుక్కుంది. "నాకొక్కదానికి జెప్పి పోతవా? నీ తప్పు నేను ఇల్లిల్లు దిరిగి జెప్పాల్నా? జర ఆగు," అని బోరింగు దగ్గరికి నడిచి, తమ భాషలో గట్టిగా కేకేసింది. ఒక్కొక్కరే వచ్చారు. ఎవరూ కూర్చోమనలేదు. నోటీసులు అందుకున్నవాళ్లు ముందుకు వచ్చి నిలబడ్డారు.

"ఇగ సదువు," అంది. "నీ పేరు కాంచి సదువు."

కాగితం విప్పాను. మొదటి వరుసలో నా పేరు, మా నాన్న పేరు, నా చదువు, నా ఉద్యోగం ఉన్నాయి. మీకు చెప్పని వాటిని వాళ్లకు గట్టిగా చదివాను. చదవడం మొదలుపెట్టాక ఆగాలనిపించలేదు.