ఖైరున్నీసా మేడమ్ అనుమానాలు

జూన్ నెలలో చిత్తూరు నుంచి తిరుపతి వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, ఒకచోట ఉడుకుతున్న మామిడి గుజ్జు వాసన గుప్పున లోపలికి వస్తుంది. మొన్న కూడా వచ్చింది. పక్క సీటులో ఉన్నావిడ కళ్ళు మూసుకుని ఆ తీపిని పీల్చుకుంది. నేను మాత్రం కిటికీ అద్దం మూసేశాను. ఆ వాసనలో నేను ఆరేళ్ళు పనిచేశాను. మొదటి రెండేళ్ళూ నా వీపు మీద ఎవరి చూపో ఉందన్న భావనతోనే గడిచాయి. ఆ చూపు ఖైరున్నీసా మేడమ్‌ది.

మా గుజ్జు ఫ్యాక్టరీలో కంప్యూటర్ల విభాగానికి ఆమె పెద్ద. విభాగమంటే ఆమె, నేను, ఒక చిన్న ఏసీ గది. యాభై దాటిన మనిషి. చిత్తూరులో దర్జీ పని చేసుకునే ఇంట్లో పుట్టి, పట్టుపట్టి చదువుకుని ఆ కుర్చీదాకా వచ్చారు. ఎవరు ఏం చెప్పినా "అట్లనా" అని, లేచి వెళ్ళి తన కళ్ళతో చూసి వచ్చేవారు. సర్వర్ ఆపేశానని నేను చెబితే, ఆ మాట పూర్తయ్యేలోపే వెళ్ళి లైటు ఆరిందో లేదో చూసేవారు. నాకది అవమానంగా ఉండేది.

ఫ్యాక్టరీలో ఎవరు కంప్యూటర్‌లో ఏ తెర తెరవచ్చు, ఏది మార్చవచ్చు అన్నది చూసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండేది. కాయలు తూచే మనిషికి తూకం తెర, ల్యాబ్‌లో కెమిస్టుకు పరీక్షల తెర, అలాగన్నమాట. ఆ అనుమతులన్నీ మేడమ్ ఒక్కొక్కటిగా తన చేత్తోనే పెట్టేవారు. కొత్త మనిషి చేరితే ఫారం పట్టుకుని ఆ మనిషి దగ్గరికే వెళ్ళేవారు. "పేరేంది? యాడ కూర్చుంటావు? నీకు ఏం పని చెప్పినారు?" అని అడిగి, మొహం ఒకసారి పరీక్షగా చూసి, అప్పుడు వచ్చి లాగిన్ ఇచ్చేవారు. మామూలు రోజుల్లో ఫరవాలేదు. బెంగుళూరా మామిడికాయలు దిగే సీజన్‌లో మాత్రం వారం రోజుల్లో వందమందికి పైగా చేరేవారు. వాళ్ళు లాగిన్ కోసం రెండేసి రోజులు కూర్చునేవారు, బయట ట్రాక్టర్లు రోడ్డు మీదకు బారులు తీరేవి.

నేను ఒక ప్రోగ్రాం రాశాను. హెచ్‌ఆర్ వాళ్ళు ఉద్యోగుల జాబితా పెడితే చాలు, అదే చదువుకుని, కొత్తవాళ్ళకు లాగిన్ తయారుచేసి, పనిని బట్టి అనుమతులు పెట్టి, మానేసినవాళ్ళవి తీసేస్తుంది. మేనేజరు సంబరపడ్డారు. మేడమ్ మాత్రం నా తెర ముందు చాలాసేపు నిలబడ్డారు.

"ఇది ఎవురినీ ఏమీ అడగదా?" అన్నారు.

"అడగాల్సిన పని లేదు మేడమ్. అన్నీ జాబితాలోనే ఉంటాయి."

"జాబితా రాసేది మనుషులే గదా పాపా. నాకైతే అనుమానం వస్తాది, పోయి అడుగుతాను. దీనికి అనుమానం రాదే."

తన పెత్తనం పోతుందని ఆమె భయపడుతున్నారని అనుకున్నాను. నా ప్రోగ్రాం తాకని లాగిన్ ఒక్కటే ఉంచమన్నారు, అది ఆమెదే. దాంతో నా అనుమానం బలపడింది. అడ్డుపడలేదు, కాగితం మీద సంతకమూ పెట్టారు. కానీ రోజూ పొద్దున్నే ప్రోగ్రాం చేసిన పనులన్నీ ప్రింటు తీసుకుని ఎర్ర పెన్నుతో ఒక్కొక్క వరసా టిక్కు పెట్టుకుంటూ కూర్చునేవారు. సీజన్ ముదిరాక కాగితాలు దొంతరలయ్యాయి. ఆమె ఎప్పుడూ నాలుగు రోజులు వెనకబడే ఉండేవారు. నాలో నేను నవ్వుకునేదాన్ని.

ఆ సీజన్ మధ్యలోనే ఆ సంగతి జరిగింది. పరీక్షలో తప్పి, ల్యాబ్ వాళ్ళు ఆపి ఉంచిన ఒక ట్యాంకు గుజ్జు, కంప్యూటర్‌లో 'పాస్' అని మారిపోయింది. లారీకి ఎక్కించబోతుంటే ల్యాబ్ పెద్దాయన డబ్బాల మీది నంబరు గుర్తుపట్టి ఆపాడు. మార్చింది ఎవరని చూస్తే కెమిస్టు కె. పద్మావతి పేరు వచ్చింది. తిరుచానూరు అమ్మాయి. నెమ్మదస్తురాలు. ఆ రోజు ఆమె సెలవులో ఉంది, బిడ్డ పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుమలకు వెళ్ళింది.

"సెలవు పెట్టింది అందుకేనేమో. ఫోన్‌లోంచి మార్చి ఉంటుంది. ఎవరో చేయించారు," అన్నారు మేనేజరు.

కొండ దిగి వచ్చిన పద్మావతిని గేటు దగ్గరే ఆపేశారు. గుండు చేయించిన బిడ్డ భుజం మీద నిద్రపోతోంది. "నేను క్యూలో ఉండాను సార్. ఫోను కూడా లోపలికి తీసుకపోనీరు గదా," అని ఒకటే మాట చెబుతూ నిలబడింది. రెండు రోజుల్లో తేల్చమని మేనేజరు మాకు చెప్పారు, లేకపోతే ఆమె ఉద్యోగం తీసేస్తామన్నారు.

ఆ మధ్యాహ్నం మేడమ్ గది తలుపు వేసి నా ఎదురుగా కూర్చున్నారు.

"భారతీ, నువ్వు సేసినావా?"

"నేనెందుకు చేస్తాను మేడమ్?"

"ఎందుకని అడగలా. సేసినావా లేదా అని అడిగినాను."

లేదన్నాను. ఆమె "అట్లనా" అని లేచి వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండింది. ఆ కోపంలోనే ఒక ఆలోచన వచ్చింది: ప్రోగ్రాం తాకని లాగిన్ ఆమెదే కదా, నన్ను అడగడం తన మీదికి రాకుండా ఉండటానికేనేమో. ఆమె క్యాంటీనుకు వెళ్ళినప్పుడు, ఆమె లాగిన్‌తో నెలరోజుల్లో ఏం జరిగిందో తీసి చూశాను. ప్రింట్లు, మళ్ళీ ప్రింట్లు. అంతే. ఆమె ఏ ఒక్క అనుమతీ మార్చలేదు.

మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి ఆమె బల్ల మీద కాగితాలు పరిచి ఉన్నాయి. ఒక వరస కింద ఎర్ర గీత. "ఇట్ల రా పాపా," అన్నారు. "ఈ వరసలో కొత్త లాగిన్ అని ల్యా. ఉన్న లాగిన్‌కే కొత్త పాస్‌వర్డ్ అని ఉండాది. ఎందుకు?"

నేను చదివాను. మళ్ళీ చదివాను. సీజన్ పనికి వడమాలపేట నుంచి ఇంకో కె. పద్మావతి చేరింది, ట్యాంకుల లెక్క కంప్యూటర్‌లో కొట్టడానికి. నా ప్రోగ్రాం కొత్తగా వచ్చినవాళ్ళు ఇదివరకే ఉన్నారా అని పేరు, ఇంటిపేరులో మొదటి అక్షరం పోల్చి చూసేది. రెండూ కలిశాయి. పాత మనిషే తిరిగి వచ్చిందనుకుని, కెమిస్టు లాగిన్‌నే పాత అనుమతులతో సహా, కొత్త పాస్‌వర్డ్‌తో ఈమెకు ఇచ్చేసింది. కెమిస్టు సెలవు పెట్టిన రోజే కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఈ చుట్టుపక్కల వీధికి నలుగురు పద్మావతులు ఉంటారన్నది ఇక్కడే పుట్టి పెరిగిన నాకు తట్టలేదు.

ఇద్దరం ట్యాంకుల దగ్గరికి వెళ్ళాం. ఆ రెండో పద్మావతి నలభై ఏళ్ళ మనిషి, మమ్మల్ని చూసి కంగారుగా లేచింది. "ట్యాంకు ఖాళీ కావాలని షిఫ్టు సారు తొందర సేసినాడు మేడమ్. చీటీలో ఇచ్చిన పేరే కొట్టినాను. పాస్ చేయాల్నా అని కంప్యూటరు అడిగింది, అవునని నొక్కినాను. నొక్కకూడదంటే అది అడగదు గదా?"

గదికి తిరిగొచ్చాక నాలో ఒక నీచమైన ఆలోచన మెదిలింది. ఆ పోల్చే ముక్క రెండు నిమిషాల్లో మార్చేయవచ్చు. తప్పు హెచ్‌ఆర్ జాబితాదని చెప్పవచ్చు. మేడమ్ సొరుగు తీసి ఒక పెన్‌డ్రైవ్ బయట పెట్టారు.

"నీ ప్రోగ్రాం మొన్ననే కాపీ తీసి పెట్టినాను. నువ్వు మారుస్తావేమోనని."

తల దించుకున్నాను. నేను ఆమె లాగిన్‌ను వెతికిన సంగతి కూడా అప్పుడే చెప్పేశాను.

"తెలుసు," అన్నారు. "సూడాల. నన్ను సూడకుండా ఇంకెవుర్నో సూసింటే నీ మీద అనుమానం పెరిగేది. పా, పోదాం. నిన్ను అన్నివిధాలా అనుమానించినాను గాబట్టే, ఈ పిల్ల కావాలని సేయలేదని వాళ్ళకు గట్టిగా చెప్పగలను."

మేనేజరు ముందు నా నోటితోనే చెప్పించారు. సంతకం పెట్టింది తనేనని, తప్పులో సగం తనదని ఆమె చెప్పారు. కెమిస్టును ఆ రోజే పనిలోకి తీసుకున్నారు. వడమాలపేట పద్మావతినీ ఏమీ అనలేదు. ప్రోగ్రాంను తీసేయమంటారేమో అనుకున్నాను. మేడమ్ వద్దన్నారు. పేరుతో కాక ఉద్యోగి నంబరుతో పోల్చమన్నారు. ఎక్కడైనా ఇద్దరు ఒకేలా కనబడితే అక్కడ ఆగి మనిషిని పిలవమన్నారు. "దానికి అనుమానపడటం నేర్పు పాపా, నాకు కాళ్ళనొప్పులు తగ్గుతాయి," అన్నారు. ఆమె నవ్వగా చూడటం నాకు అదే మొదటిసారి.

ఆమె పోయి మూడేళ్ళవుతోంది. నేనిప్పుడు తిరుపతిలో ఇంకో సంస్థలో ఇదే పని చేస్తున్నాను. ఇప్పటి ప్రోగ్రాములు నా ఆనాటిదానికంటే ఎంతో తెలివైనవి, నియమాలు కూడా అవే రాసుకుంటాయి. వాటిని వాడతాను, నమ్మను. మొన్న మా విభాగంలో అనుమతులు తనిఖీ చేయడానికి గీత అనే అమ్మాయి చేరింది. ముందు ఎవరి అనుమతులు చూడమంటారని అడిగింది. నావి చూడమన్నాను. ఆమె ఇబ్బందిగా నవ్వి, నేను నవ్వకపోవడం చూసి, తెర వైపు తిరిగింది. కాసేపటికి అడిగింది, "ఈ అనుమతి రెండేళ్ళుగా మీరు వాడనేలేదు కదండీ. ఇంకా ఎందుకుందండీ?"

లేచి వెళ్ళి నా కళ్ళతో చూశాను. తీసేయమన్నాను.