ఫొటోలో నేను చాలా బాగా పనిచేస్తున్నాను

ఆ రోజుల్లో, అంటే మా గోల్డ్ ఫీల్డ్స్‌లో బంగారు గనులు మూసేసిన కొత్తలో, ఇంటికొక నర్సు తయారయింది. నాన్నలకు ఉద్యోగాలు పోయాయి, కూతుళ్ళకు తెల్లబట్టలు వచ్చాయి. సేవాభావంతో నర్సునయ్యానని చాలాచోట్ల చెప్పుకున్నాను గానీ (ఇంటర్వ్యూల్లో అలాగే చెప్పాలి), నిజానికి రోజూ మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోయి బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను ముందు కూర్చోవడం ఇష్టంలేక అయ్యాను. జిల్లాలోనే, పేరు చెప్పనవసరం లేని ఒక ఆసుపత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో చేరాను. ఇరవై రెండేళ్ళు. లోకాన్ని బాగుచేయడానికి మంచి వయసు.

చేరిన కొద్ది నెలలకే నన్ను రెండు రోజుల శిక్షణకు పంపారు (సీనియర్లు ఒక్కరూ పోవడానికి ఒప్పుకోలేదు). ఊపిరి కోసం గొంతులో గొట్టం వేసిన పసిబిడ్డల్ని ఎలా చూసుకోవాలో అక్కడ నేర్పారు. సారం ఒక్కటే: రుజువున్న పనే చేయండి, అలవాటు కొద్దీ చేయకండి. గొట్టంలోంచి కఫం లాగే సక్షన్ గంటల లెక్కన చేయకూడదు. గురగుర వినిపిస్తేనో, మానిటర్‌లో ఆక్సిజన్ అంకె పడిపోతేనో చేయాలి. ఎందుకంటే కఫంతో పాటు బిడ్డ ఊపిరినీ లాగేస్తాం. తక్కిన సమయమంతా అనవసరంగా ముట్టుకోకుండా, కళ్ళార్పకుండా చూస్తూ ఉండటమే పని. ఇదంతా రాసుకున్న ఫైలు చంకన పెట్టుకుని, యుద్ధం గెలిచినట్టు తిరిగొచ్చాను.

మా వార్డు పెద్దక్కను, అంటే హెడ్ నర్సును, మేం గడియారమ్మ అనేవాళ్ళం. కఫం ఉన్నా లేకున్నా రెండు గంటలకోసారి సక్షన్ జరగాలి, చార్టులో టిక్కు పడాలి. నా ఫైలు తెరవకుండానే పక్కన పడేసి, "రెండు దినాలు పోయొచ్చి నాకే చెప్పేకి వచ్చినావా? నువ్వు పుట్టకముందు నుంచీ చేస్తా ఉండా నేను" అంది. ఆ రోజు నుంచి నా పేరు ఎవిడెన్సు. "ఏమ్మా ఎవిడెన్సూ, టీ తాగేకి ఎవిడెన్సు ఉండాదా?" అని తోటివాళ్ళు ఏడిపించేవారు. నాన్న మాత్రం నవ్వలేదు. ఆయన గనిలోకి మనుషుల్ని దించే ఇంజను డ్రైవరు. "కూర్చోని చూసేదే కష్టమమ్మా. ఇరవై ఏండ్లు లోతు చూపించే ముల్లు చూస్తా కూర్చోనుంటిని. పనిలేనోడు అనిరి. కింద ఉండేవాళ్ళు మాత్రం అనలే" అన్నాడు.

అప్పుడు నేను చూసుకుంటున్నది బైరకూరు అనే పల్లె నుంచి వచ్చిన ఒక బిడ్డను. మగపిల్లాడు, అరచేతి కంటే కాస్త పెద్ద. తల్లి వాణ్ణి అప్పటికి ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. రోజూ గాజు తలుపు దగ్గర నిలబడి, "పొద్దున్నుంచీ చూస్తా ఉండా, ఊరికే నిలబడుకోని ఉండావే, ఏమీ చెయ్యవా తల్లీ?" అనేది. గడియారమ్మ మాటకన్నా ఆ మాటే నాకు ఎక్కువ గుచ్చుకునేది. ఒకరోజు పొద్దున డాక్టరు చూసి, "బాగుండాడు. రేపు గొట్టం తీసేస్తాం, వాళ్ళమ్మ చేతికియ్యి" అన్నాడు. ఆ మాట విని తల్లి అప్పటికప్పుడు మెత్తటి పాతచీర చింపి గుడ్డలు సిద్ధం చేసుకుంది.

ఆ మధ్యాహ్నమే ఒక పెద్దమనిషి మా వార్డుకు కొత్త యంత్రం దానం చేయడానికి వచ్చాడు. యంత్రానికి రిబ్బను కట్టారు (క్రిములొస్తాయని మా చేత ఉంగరాలు కూడా తీయించే గది అది). పదిమంది మనుషులు, పూలదండలు, ఒక ఫొటోగ్రాఫరు. బిడ్డ హాయిగా ఉన్నాడు, అంకె బాగుంది, నేను చేతులు కట్టుకుని చూస్తున్నాను. గడియారమ్మ నా చెవి దగ్గర బుసకొట్టింది. "పెద్దవాళ్ళు వచ్చినారు, బొమ్మ మాదిరి నిలబడతావా? సక్షన్ చెయ్యి." "అవసరం లేదక్కా" అన్నాను. అనేశాక ఆమె ముఖం చూశాను, సక్షన్ ట్యూబు అందుకున్నాను. "సిస్టర్, బిడ్డ మొహం ఇట్లా తిప్పండి, కనపడలే" అన్నాడు ఫొటోగ్రాఫరు. తిప్పాను. తల తిప్పితే గొట్టం జారుతుందని ఫైల్లో పెద్దక్షరాలతో రాసుకున్నదీ నేనే, తిప్పిందీ నేనే. ఫ్లాష్ వెలిగింది. గొట్టం బయటికొచ్చేసింది. అంకె జారుతూ పోయింది, పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. చప్పట్ల మధ్య పెద్దమనిషి బయటికి నడుస్తుంటే, నేను మాస్కు పెట్టి గాలి కొడుతున్నాను. డాక్టరు పరుగెత్తుకొచ్చి మళ్ళీ గొట్టం వేశాడు.

బిడ్డ బతికాడు. కానీ గొంతు వాచింది, రేపన్నది ఆరు రోజులయింది. ఆ ఆరు రోజులూ తల్లి చింపిన గుడ్డలు ఒళ్ళో పెట్టుకుని తలుపు బయటే కూర్చుంది. చార్టులో "గొట్టం దానంతటదే జారినది" అని గడియారమ్మ రాసింది, కింద సంతకం నేను పెట్టాను. ఆ వారంలోనే ఫొటోకు పటం కట్టి వరండాలో తగిలించారు. అందులో నేను చాలా బాగా పనిచేస్తున్నాను.

ఇంటికి పోయే రోజున ఆ తల్లి బిడ్డను ఎత్తుకుని పటం ముందు నిలబడింది. నా చేతులు తీసుకుని కళ్ళకద్దుకుంది. "నిన్ను ఊరికే ఆడిపోసుకుంటి తల్లీ. ఆ దినం నువ్వు ఇట్లా చెయ్యకుంటే నా కొడుకు దక్కేవాడా? మాకూ ఈ ఫొటో ఒకటి ఇప్పీమ్మా, ఇంట్లో పెట్టుకుంటాం" అంది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. "అంతా దేవుని దయమ్మా" అన్నాను. నేను చేసిన పనిని అంత సులువుగా ఆయన మీదికి నెట్టేశాను. ఫొటో కూడా ఇప్పించాను.

ఇప్పుడు శిక్షణ ఇచ్చేది నేనే. గొట్టం గురించి అడిగితే గంటసేపు ఆపకుండా చెబుతాను. ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల గుర్తొస్తే మాత్రం చేదుగా నవ్వొస్తుంది. రెండు రోజుల పాఠమంతా కంఠతా పట్టింది గానీ, పాపం, "చెయ్యను" అన్న మూడక్షరాలు నోట పలకలేకపోయింది. బైరకూరులో ఏదో ఒక ఇంట్లో, దేవుడి పటాల పక్కన, ఆ పిల్ల ఇంకా బిడ్డ తల తిప్పుతూనే ఉండి ఉంటుంది. ఎవరైనా దండం పెట్టుకుంటున్నారేమోనని నాకు భయం.