పటిక మేడం

ప్రొద్దుటూరులో తరతరాల విద్యార్థులకు రసాయనశాస్త్రం బోధించిన సుభద్రమ్మ గారు పరమపదించారన్న దుర్వార్త జమ్మలమడుగు బస్సులో ఉండగా విన్నాను. నమ్మలేక ఆమె నంబరుకే ఫోన్ చేశాను. కోడలు ఎత్తి ఏడ్చింది. అప్పటినుంచీ మనసు ఒకచోట నిలవడం లేదు.

నిలకడలేమి అసలు ఆమె సొత్తు. పొటాషియం, అల్యూమినియం సల్ఫేట్లను వేడినీటిలో కరిగించి, చల్లార్చి, ఎనిమిది ముఖాల పటిక స్ఫటికాలను పిల్లలచేత తీయించేవారు. కదిపితే పెరగవని అందరినీ కసిరి, తాను మాత్రం మాటిమాటికీ బీకరు ఎత్తి చూసేవారు.

గుంటూరు నుంచి వచ్చి ఆమె పనిచేసేచోటే కొత్తగా ఉద్యోగంలో చేరిన నేను, పులివెందుల దారిలోని గండి ఆంజనేయస్వామికి నైవేద్యమని పటికబెల్లం కొనబోయాను. ఈ సీమలో దాన్ని కలకండ అంటారని నాకేం తెలుసు? అంగడాయన నా మాటలో మొదటి సగమే విని పటిక పొట్లం కట్టాడు. ప్రసాదం నోట్లో వేసుకున్న సహోద్యోగులందరూ ఉమ్మేశారు. మేడం పడీపడీ నవ్వి, "వగరంటే ఏందో ఇంక ఎవురూ మర్చిపోర్లేప్పా" అన్నారు.

మర్నాడు ఆ పొట్లమే ఆమెకు పాఠమైంది. వేడిచేస్తే నీరు పోయి పొంగుతుందన్నారు. గడ్డం గీసిన గాటుకు రక్తం ఆపుతుందని, అద్దకంలో రంగును గుడ్డకు పట్టిస్తుందని, నీటిలోని మట్టిని అడుగుకు దింపుతుందని మెచ్చుకున్నారు. రోగాన్ని మాత్రం చంపదని బల్ల చరిచి చెప్పారు.

చిన్ననాడు ఆమె చెల్లెలు అలా పటికతో తేరిన నీళ్ళు తాగడంవల్లే వాంతులు, విరేచనాలతో పోయిందట. ఆ సంగతి నాతో ఒక్కసారే, అదీ నడుస్తూనే చెప్పారు. కుళాయిలో ఎర్రనీళ్ళు వస్తే చాలు, ఇంటింటికీ వెళ్ళి బిందెల్లోకి తొంగిచూసేవారు. "తేటగా ఉంటే మంచియనుకుంటాండారు. కాచండమ్మా, మీ కాళ్ళు మొక్కుతా" అనేవారు. చాదస్తమని వెనక నవ్వినవాళ్ళే ఎక్కువ.

పెద్దకర్మకు వెళ్ళేసరికి ప్రొద్దుటూరులో ముసురు. అటువంటి విదుషీమణి మళ్ళీ పుట్టదని వచ్చినవారందరూ కొనియాడుతున్నారు. పంక్తిలో కోడలు నీళ్ళిచ్చింది. కాచారా అని అడిగాను.

"పటిక తిప్పినాం సార్. శానా తేటగా ఉండాయి."

నా పక్కన మేడం భర్త అప్పటికే సగం గ్లాసు తాగేశారు. పెళ్ళయిన నాటినుంచీ ఆమె కాచి ఇచ్చినవే తాగిన మనిషి. ఆయనకు అడగడం అలవాటు లేదు. నాకు దుఃఖం, కోపం ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఆయన చేతిలోని గ్లాసు తీసుకుని లేచాను. వంటవాళ్ళను బతిమాలి గుండిగతో నీళ్ళు పొయ్యిమీద పెట్టించాను. అవి మరిగేదాకా కూర్చోలేక, ఆ పొయ్యి చుట్టూ తిరుగుతూనే ఉన్నాను.