ముళ్లతీగ లోపలి గడ్డి

సరిహద్దు ఎడారిలో మా పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండైంది. లారీ ఇసుకలో దిగబడితే చివరి మైలు నడిచినాము. వీపున సామాను, భుజాన రైఫిలు, నోట్లో ఇసుక. మాది ఎమ్మిగనూరు పక్క పల్లె, గొర్రెలోళ్ల ఇల్లు. ఎండ నాకు కొత్త కాదు. అంత బోడినేల కొత్త.

పోస్టు చుట్టూ ఇనుప ముళ్లతీగ. లోపల గడ్డి నడుమెత్తున దుబ్బులు కట్టింది. బయట జిల్లేడు, ఇసుక.

"లోపల ఎరువేసినారా ఏందన్నా?" అన్నాను. వైర్‌లెస్ ఆపరేటరుది బళ్లారి, మా ఇద్దరికీ మాట కలిసింది.

"ఎరువేందప్పా! లోపలికి మేక రాదు, అంతే."

ఆ ఏడు వాన మొగం చాటేసింది. ఒక ముసలామె మేకల్ని తోలుకొచ్చి తీగ పక్కన నిలబడింది. మేకలు తీగలోకి మూతులు పెట్టి అరిచినాయి. వాటి పక్కటెముకలు చూసి నేను పోయి మా హవల్దారుకు చెప్పినాను. ఆయన కంపెనీ హెడ్‌క్వార్టర్సును వైర్‌లెస్‌లో అడగమన్నాడు.

"మేకల్ని లోపలికి విడవచ్చునా? ఓవర్."

"వద్దు. గడ్డి పోతే ఇసుక లేచి బంకరు పూడుతుంది. ఓవర్."

ఆపరేటరు మా మొగాలు చూసి మళ్లీ మీట నొక్కినాడు. "గడ్డి బయటికి పోవచ్చునా? ఓవర్."

కాసేపు గరగర. తర్వాత, "గడ్డికి ఆర్డర్లు లేవు. ఔట్."

హవల్దారు నవ్వి, తనే కొడవలి నూరినాడు. పొద్దున డ్యూటీ దిగినోళ్లమంతా కోసేది. "మొదలు ముట్టద్దండి, జానెడు వదలండి" అని నేను అరిచేది. మోపులు తీగ మీంచి విసిరితే ఆమె ఒక్కో మేకనూ పేరు పెట్టి పిలిచి మేపేది. మంద బతికింది. వాన పడినంక మేం కోసిన దుబ్బులు మళ్లీ చిగురేసినాయి. బయట, మేకలు వేర్లదాకా కొరికిన చోట, ఒక్క పోచ లేయలేదు.

పటాళం కొలువు ముగించుకొని వచ్చి ఆదోని స్టేషన్లో దిగినాను. ఇంటికి పోయి చూస్తే మా ఊరి గుట్ట కూడా ఎడారి మాదిరే బోడిగుంది. సగం గుట్టకు ముళ్లకంప అడ్డం కొడదామన్నాను.

"పటాళంలో నేర్చింది ఇదేనా? మన గొర్రెల మీదనే కాపలానా?" అని మా నాయన ఇంతెత్తున లేచినాడు. మూడు దినాలు నాతో మాట్లాడలేదు. నాలుగోనాడు తనే గొడ్డలి తీసుకొని కంప నరకను పోయినాడు.

రెండో వానకు ఆ సగం పచ్చబడింది. ఊళ్లోని గొర్రెలోళ్లు తెరవమని తగువుకొచ్చినారు. మా నాయన కంప సందులో అడ్డంగా కూచున్నాడు. ఆయన ముద్దుగా సాకిన పొట్టేలు పక్కనుంచి వచ్చి తలగుడ్డ లాగి నమలబట్టింది. అందరూ నవ్వినారు. ఆయన కదల్లేదు.

"తిను నాయనా, గుడ్డ తిను" అంటా దాని మెడ నిమిరినాడు. "గడ్డి మాత్రం ఇత్తనం రాలినంకనే."

సరిహద్దులో చానా కాపలాలు చూసినాను. నా కండ్లల్లో నిలిచిపోయింది మాత్రం ఈ కాపలానే.