జ్వరం కింద రాసిన చావు

ఏ దేశంలో ఎంతమంది తాగి చచ్చారో వరసగా అచ్చువేసి చూపించే పట్టీలను నేను నమ్మను. అలాంటి పట్టీ ఒకదాని అడుగున నా సంతకం కూడా ఉంది.

అప్పుడు నిజాం రాజ్యం. ఇబ్రహీంపట్నంలో మా చిన్నమ్మ భర్త ఒకనాడు సారా దుకాణానికి వెళ్లి వచ్చాడు. మరునాడు నడిఎండలో వాకిట్లో నిలబడి, అప్పుడే పొద్దుగూకిందా అని అడిగాడు. కళ్లు పోయాయని మాకప్పుడు తెలిసింది. నిజంగా పొద్దుగూకకముందే ప్రాణం పోయింది.

ఊళ్లో చావుపుట్టుకలు రాసేది పోలీసు పటేలు. మేము కబురు పంపకముందే రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చాడు. అంత తొందరేమిటో నాకు అర్థం కాకపోలేదు. సారా దుకాణం ఆయన బామ్మర్దిది.

"ఏం రాయాలె?" అన్నాడు.

"సారా తాగి సచ్చిండని రాయుండ్రి పటేలా."

"రాస్త. నాదేం పోతది? పంచనామా అయితది. పట్నం దవాఖానకు కొంటవోయి కడుపు కోసి చూస్తరు. శవాన్ని ఎప్పుడిస్తరో నాకెర్క లేదు. సదువుకున్నోనివి, నువ్వే చెప్పు."

చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. "వద్దు బిడ్డా, కోయనియ్యకు. నిండు పెయ్యితోని, ఒళ్లు చెదరకుండ సాగనంపుదాం."

"జరం తలకెక్కితె కండ్లు గూడ పోతయ్ తియ్," అని పటేలే దారి చూపించాడు. జ్వరమని రాసి, సాక్షి సంతకానికి కలం నా వైపు జరిపాడు. సత్యానికి మొహమాటం ఉండకూడదని సభల్లో గొంతు చించుకున్నవాణ్ని. పెట్టాను.

నెల తిరిగాక గ్రంథాలయంలో వాదసభ. తాగుడు నిషేధించాలా, అక్కర్లేదా? పటేలు ముందు వరసలో కూర్చున్నాడు. పట్నం నుంచి వచ్చిన వకీలు నిషేధం అక్కర్లేదంటూ ఒక అచ్చుకాగితం విప్పాడు. దేశాల పేర్లు, ఎదురుగా తాగి చచ్చినవాళ్ల అంకెలు. ఇంగ్లాండు పైన ఎక్కడో ఉంది. మన సంస్థానం అట్టడుగున.

"చూసిండ్రా? తెల్లోళ్లు తాగి సస్తున్నరు, మనోళ్లు తాగి బతుకుతున్నరు. ఇసొంటి సారాను బంద్ పెడ్తరా?"

చప్పట్లు. నేను లేచాను.

"వకీల్ సాబ్, మన లెక్క ఎవరిచ్చిండ్రు?"

"సర్కారు."

"సర్కారుకు?"

"ఊర్లల్ల పటేండ్లు."

"మా చిన్నాయన సారాతోని సచ్చిండు. జరమని రాసిండ్రు. కింద సంతకం పెట్టింది నేనే."

వకీలు నవ్వాడు. "తమ్మీ, అప్పుడు అబద్ధానికి సంతకం పెట్టినవ్. ఇప్పుడు నిజం చెప్తున్నవని ఎట్ల నమ్మాలె?"

సభంతా ఘొల్లుమంది. పటేలు నవ్వలేదు. పైకప్పు దూలాల వైపు చూస్తూ కూర్చున్నాడు. నిషేధ తీర్మానం వీగిపోయింది.

నేను ఇంటికి చేరేసరికే చిన్నమ్మకు కబురు అందింది. నీళ్ల చెంబు నా ముందు గట్టిగా పెట్టింది. "మీ చిన్నాయన సంగతి నలుగుర్ల చెప్పొచ్చినవంట?"

తప్పించుకోవడానికి ఆ కాగితం సంగతి చెప్పాను. తెల్లవాళ్ల అంకె మనకంటే ఎంత పెద్దదో చెప్పాను.

"ఆడ గూడ కోస్తరా బిడ్డా?"

"అనుమానమొస్తె కోస్తరట."

"కోస్తె తెల్వదా మల్ల? తెలిస్తె రాయరా? గందుకే వాండ్లయి ఎక్కువున్నయ్."

నాకు సిగ్గేసింది. మన అంకె ఎందుకు చిన్నదో సభలో చెప్పానే గాని, వాళ్ల అంకె ఎందుకు పెద్దదో నాకు తట్టనే లేదు. తట్టి ఉంటే వకీలు నోరు మూతపడేది. ఆ ఉత్సాహంలో లేచి నిలబడ్డాను కూడా.

చిన్నమ్మ ఇంకా నన్నే చూస్తోంది.

"మరి కోయనీకి వాండ్ల పెండ్లాలు ఎట్ల ఒప్పుకుంటరు బిడ్డా?"