మార్సేయ్ రేవులో పెద్దమ్మ కోసిన చేప

మా చర్చి పత్రికలో రెండేళ్ల క్రితం నా పేరుతో వచ్చిన యాత్రావ్యాసంలో ఒక్క ముక్క కూడా నేను నమ్మి రాయలేదని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, షికాగో పక్కన నేపర్‌విల్‌లోని మా చర్చి బేస్‌మెంట్‌లో బిర్యానీ ట్రేల మూతలు ఇంకా తీయకముందే, కమిటీ అంకుల్ తెర దించి ఆ యాత్ర ఫొటోలు మళ్లీ వేశారు. మన ఫెలోషిప్ ఎంత ఘనమైనదో కొత్తగా చేరిన కుటుంబాలకి తెలియాలట. ఫొటోలు మారుతుంటే వాళ్లమ్మాయి మైకులో నా వ్యాసం చదివింది. "మధ్యధరా కెరటాలు మాకు స్వాగతం పలికాయి" అని. ఏ కెరటమూ పలకలేదు. మా గుంపుని చూసి నాలుగడుగులు వెనక్కి వెళ్లి ఉంటాయి. పేపర్ ప్లేటు పట్టుకుని గోడ పక్కన నిలబడి, అది ఇంకెవరో రాసిందన్నట్టు విన్నాను. ఫ్రెంచి రేవుపట్నం మార్సేయ్ ఫొటోలు ఇరవై దాకా ఉన్నాయి. అన్నింటిలోనూ ఆయన భార్య కమిటీ ఆంటీ నల్లకళ్లద్దాలు ఉన్నాయి. మా పెద్దమ్మ ఒక్కదాంట్లోనూ లేదు.

మధ్యధరా చుట్టే విహార ఓడ మమ్మల్ని ఆ ఊళ్లో ఒక్క పగటికే దించింది. పద్దెనిమిది మందిమి. వీసా స్టాంపింగ్ భయంతో చర్చిలో సగంమంది యాత్రకే రాలేదు. నా స్టాంపు కొత్తది కాబట్టి ధైర్యం చేశాను. మిగిలినవాళ్లంతా సిటిజన్లు, ఆ సంగతి వాళ్ల నడకలోనే తెలిసేది. కమిటీ అంకుల్ నిమిషాలతో సహా ఎక్సెల్ షీటు వేసుకొచ్చారు. వేల ఏళ్లుగా ఓడలు ఆగుతున్న రేవుకి ఇరవై నిమిషాలు, సబ్బుల కొట్టుకి గంటన్నర. నేను లైబ్రరీ నుంచి ఆ ఊరి మీద రెండు పుస్తకాలు తెచ్చి చదివి, డైరీలో పన్నెండు పేజీలు రాసుకుని వెళ్లాను. నన్నెవరూ ఏమీ అడగలేదు. అడగనిదే మాట్లాడే అలవాటు నాకూ లేదు. కొండమీది పెద్ద గుడిలో పైకప్పునుంచి చిన్న చిన్న చెక్క పడవలు వేలాడుతుంటాయి, సముద్రం మింగబోయి వదిలేసినవాళ్లు కట్టిన మొక్కులు అవి. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. అవి పిల్లల సెక్షన్ డెకరేషన్ అని అంకుల్ తేల్చేశారు. అది క్యాతలిక్ గుడి కాబట్టి విగ్రహాల వైపు ఎక్కువసేపు చూడొద్దని అందరికీ మెల్లిగా చెప్పి, వాటి ముందే సెల్ఫీ తీసుకున్నారు. కిందికి దిగుతూ ఆంటీ, షికాగో లేక్‌ఫ్రంట్ ముందు ఇదంతా దేనికి పనికొస్తుందన్నారు.

పెద్దమ్మ గురించి చెప్పాలి. మా అమ్మకి సొంత అక్క. ఆమె కూతురు నర్సుగా ముందు అమెరికా వచ్చి తల్లిని తెచ్చుకుంది. తర్వాత కూతురు వేరే రాష్ట్రంలోని మోరిస్‌విల్ మారిపోయినా పెద్దమ్మ మాత్రం నేపర్‌విల్‌లోనే ఉండి ఒక నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్లకి స్నానాలు చేయించేది. నేను ఎమ్మెస్‌కి వచ్చినప్పటినుంచి ఆమె ఇంట్లోనే ఉన్నాను. మా అమ్మ గుంటూరులో లెక్చరర్. తన తండ్రి పోర్టులో ఉద్యోగం చేసేవాడని అమ్మ అందరికీ చెప్పేది. నిజాంపట్నం రేవులో వల లాగడం కూడా ఒక రకంగా పోర్టు ఉద్యోగమే కదా. తాతయ్య మంచాన పడ్డాక పెద్దమ్మ అయిదో తరగతి మానేసి, అమ్మమ్మతో పాటు నెత్తిన చేపల తట్ట పెట్టుకుని ఊళ్లు తిరిగింది. ఆ తట్ట మీదే మా అమ్మ ఎమ్మే దాకా చదివింది. చర్చిలో ఈ కథ ఎవరికీ తెలియదు, నేనూ అమ్మ మాటే చెప్పాను. కమిటీ ఆంటీ నన్ను నలుగురికి చూపించి, "బుక్స్ చదువుతుంది, డీసెంట్ ఫ్యామిలీ, గ్రాండ్‌ఫాదర్ పోర్టులో చేసేవారు" అని పరిచయం చేసేవారు. ఆంటీ అంటే నాకు చిన్నచూపే. అయినా ఆమె ఆ మాట అన్నప్పుడల్లా నా వీపు నిటారుగా అయ్యేది.

రేవు గట్టు మీద పడవలవాళ్ల ఆడవాళ్లు నీలం రంగు ట్రేలలో నీళ్లు పోసి చేపలు అమ్ముతున్నారు. కొన్ని ఇంకా కొట్టుకుంటున్నాయి. మావాళ్లంతా చున్నీలూ టిష్యూలూ ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు. వీళ్లలో సగంమంది కాకినాడ, బందరు, ఒంగోలు వాళ్లు. ఉప్పుగాలి పీల్చి పెరిగిన ముక్కులకి అమెరికా నీళ్లు ఏం చేశాయో తెలియదు. పెద్దమ్మ ఆగిపోయింది. గొంతుక్కూర్చుని ఒక చేప మొప్ప ఎత్తి చూసింది, ఇంకోదాని కన్ను నొక్కింది, నాకేసి తిరిగి ఇవి కవ్వలే, అవి నెత్తళ్లే, మనయ్యే అని సంబరపడింది. ట్రే వెనక ఉన్న లావుపాటి మనిషి ఫ్రెంచిలో ఏదో అంది. పెద్దమ్మ తెలుగులో జవాబు చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ చేపలావిడ ముళ్లతో ఎర్రగా, ఎవరిమీదో అలిగినట్టున్న చేపనొకదాన్ని తీసి చాకు అందించింది. ముల్లు గుచ్చుకోకుండా పట్టుకుని, మూడు కోతల్లో పొట్ట తీసి, నీళ్లలో ఒక్కసారి జాడించి ఇచ్చేసింది పెద్దమ్మ. ఆ మనిషి చప్పట్లు కొట్టి పక్క ట్రేవాళ్లని పిలిచింది. పెద్దమ్మ ముఖంలో అలాంటి వెలుగు నేను నేపర్‌విల్‌లో ఒక్కసారి కూడా చూడలేదు.

కమిటీ ఆంటీ నా మోచేయి పట్టుకుని పక్కకి లాగారు. "మీ పెద్దమ్మ ఏంటమ్మా, ప్రొఫెషనల్‌లా కోసేస్తోంది. చేపలమ్మేవాళ్లా మీరు?"

నాకు మామూలుగా మాటలు రావు. ఆ రోజు మాత్రం గడగడా వచ్చాయి. "మేం కాదాంటీ. పెద్దమ్మ అమ్మకి సొంత అక్క కాదు. ఎవరో చేపలవాళ్ల పిల్లని మా అమ్మమ్మవాళ్లు జాలిపడి పెంచుకున్నారు."

"అదీ అనుకున్నా. నీకూ ఆమెకీ పోలికే లేదు," అన్నారు ఆంటీ తృప్తిగా.

భోజనానికి ఆ ఊరి పేరుమోసిన చేపల పులుసు తెప్పించారు. కుంకుమపువ్వు వేసి, వేయించిన రొట్టెముక్కల మీద వెల్లుల్లి ముద్ద రాసి, ముందు పులుసు, వెనక చేప వడ్డిస్తారు. పద్దెనిమిది మందికి ఆరు తెప్పించి ఖాళీ ప్లేట్లు అడిగారు అంకుల్. ఉప్పూ లేదు కారమూ లేదని ఏకగ్రీవంగా తీర్మానించి, ఆంటీ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి జిప్‌లాక్ కవరు తీసి అందరి గిన్నెల్లోనూ కారప్పొడి చల్లారు. బంగారు రంగు పులుసు ఇటుకపొడి కలిపిన నీళ్లలా అయింది. గిన్నెకి చెయ్యడ్డం పెట్టుకుని అలాగే తిన్నది పెద్దమ్మ ఒక్కతే. ముల్లు ముల్లూ చప్పరిస్తూ, చేప ఇయ్యాల్టిదే అంది. అప్పుడు ఆంటీ బల్లకి ఆ చివరనుంచి, అందరికీ వినబడేలా, "సిస్టర్, మిమ్మల్ని వీళ్ల అమ్మమ్మగారు పెంచుకున్నారట కదా. అమ్మాయి చెప్పింది. హౌ గ్రేట్ ఆఫ్ దెమ్," అన్నారు.

పెద్దమ్మ నావైపు చూసింది. నేను రొట్టె వైపు చూశాను. కారప్పొడి కవరు బల్ల మీద ఒక చేతినుంచి ఇంకో చేతికి మారుతోంది. అది అబద్ధమని ఆమె అంటే ఆ పద్దెనిమిది మందిలో నేనేమిటో అక్కడే తేలిపోయేది.

"అవునమ్మగారూ," అంది పెద్దమ్మ. "ఆ మహాతల్లి సాకబట్టి బతికాను." తన ప్లేటులో చేపకి ముళ్లు తీసి, రోజూ ఇంట్లో చేసినట్టే, ఆ ముక్కలు నా ప్లేటులో పెట్టింది.

ఆ తర్వాతి ఆదివారం నుంచి ఆంటీ పెద్దమ్మకి పాత స్వెట్టర్లు తెచ్చివ్వడం మొదలుపెట్టారు. పెద్దమ్మ అవన్నీ తీసుకుంది. చర్చంతా ఆమెని "పాపం" అనే మాట కలపకుండా తలుచుకోవడం మానేసింది. కమిటీ అంకుల్‌నీ ఆంటీనీ నేను ఎంతైనా ఈసడించుకోవచ్చు, డైరీ నిండా ఈసడించుకున్నాను కూడా. కానీ ఆంటీ అడిగింది ఒక ప్రశ్న మాత్రమే. పెద్దమ్మని చేపలవాళ్ల పిల్లని చేసి, నన్ను చెయ్యకుండా వదిలింది నేను. నా వ్యాసంలో ఆ రేవుకి దక్కింది ఒక్క వాక్యం: "చేపల మార్కెట్ కూడా కన్నులపండువగా ఉంది." ఏడాది తిరక్కుండా కూతురి పురిటికని పెద్దమ్మ మోరిస్‌విల్ వెళ్లిపోయింది. పురిటికేనని ఆమె అంది. నేను నమ్మినట్టు తలూపాను. ఇప్పుడు ఫోన్‌లో మనవరాలి పళ్ల గురించీ చలి గురించీ మాట్లాడుకుంటాం.

రెండేళ్లలో ఆ ఊరి వీధుల పేర్లు మరిచిపోయాను, పన్నెండు పేజీలు చదువుకున్నదంతా మరిచిపోయాను. కాలం ఏది తీసుకెళ్లాలో ఏది వదలాలో మనల్ని అడగదు. ఆ సాయంత్రం ఓడ మెట్ల మీద, ముందువాళ్లు కార్డులు చూపిస్తుంటే, పెద్దమ్మ వెనక నిలబడి నేను ఏదో మొదలుపెట్టాను. పెద్దమ్మా అని పిలిచాను. ఆమె వెనక్కి తిరక్కుండానే చెప్పింది. ఆ సంగతి గురించి ఆమె నాతో అన్నవి ఈ మాటలే, మళ్లీ ఎన్నడూ అనలేదు.

"పోనియ్యమ్మా. మీ అమ్మ చెవిన మాత్రం పడనియ్యబాకు. చిన్నప్పుడు నా చంక దిగేది కాదది. ఏడుస్తాది."