బందరు లైను తెరుచుకున్న రోజు

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పడానికి చచ్చే చావయ్యేది. టెలిగ్రాఫ్ ఆఫీసులో పనంటే టకటకా మీటలు కొట్టడమే అనుకుంటారు జనం. నేను కొట్టేవాణ్ని కాదు. కొట్టాల్సినవి ఎక్కడ ఎన్ని పేరుకుపోయాయో చూస్తూ తిరిగేవాణ్ని. మా ఆవిడైతే, "గోడలు చూసినందుకు జీతమిచ్చేది ఈ బెజవాడ మొత్తం మీద మీకొక్కరికేనండీ" అని ఎగతాళి చేసేది. చేస్తే చేసింది. అబద్ధమేమీ కాదు.

డెబ్బైల్లో మా ఆఫీసు జిల్లా మొత్తానికీ కూడలి. బందరు నుంచి హైదరాబాదు వెళ్లాల్సిన టెలిగ్రాం మా దగ్గర దిగి, మళ్లీ ఇక్కణ్ణుంచే ఎక్కాలి. వచ్చిన కబురు సన్నటి కాగితం టేపు మీద చిల్లులై పడేది, చదువుకోవడానికి పక్కనే అక్షరాలూ పడేవి. ఆ టేపు చింపి, అది ఏ ఊరు వెళ్లాలో ఆ ఊరి గూట్లో పెట్టేవాళ్లం. గోడకి చెక్క గూళ్లుండేవి. మద్రాసుకొకటి, హైదరాబాదుకొకటి, గుంటూరుకి, ఏలూరుకి, బందరుకి. లైను ఖాళీ అవగానే ఆపరేటరు పై టేపు తీసి మిషన్‌కి ఎక్కించేవాడు. లైను రద్దీగా ఉన్నా, తెగినా గూడు నిండేది. నిండబోతోందని ముందే పసిగట్టి, ఆ కబుర్లకి ఇంకో దారి చూపించడం నా పని. మాఘమాసంలో ముహూర్తాలొచ్చాయంటే పెళ్లి శుభాకాంక్షలతో గూళ్లన్నీ పొంగి పొర్లేవి. అప్పుడు మాత్రం నాకు ఊపిరాడేది కాదు.

గూట్లో పెట్టడానికి ఒక వరస ఉంది. చావు కబురు ఎప్పుడొచ్చినా పైకి చేరుతుంది. పెళ్లిళ్లూ, వ్యాపారాలూ, క్షేమ సమాచారాలూ దాని కింద ఆగుతాయి. ఈ సంగతి బయటి జనానికి పెద్దగా తెలియదు. మాకు మాత్రం అది ఒంట్లో ఇంకిపోయింది. ముందొచ్చిందంటే చావు, ఆలస్యమైందంటే మామూలు కబురు. ఇంటికి వచ్చే టెలిగ్రాం విషయంలో కూడా మేం అలాగే ఆలోచించేవాళ్లం.

బందరు లైను మీద కూర్చునే ఆపరేటరుది సముద్రం ఒడ్డున ఒక చేపల పల్లె. తండ్రి వల వేసి బతికినవాడు. ఇతను చదువుకుని, పరీక్ష రాసి, మా ఆఫీసులో చేరాడు. తల్లీ తండ్రీ, భార్యా, ఇద్దరు ఆడపిల్లలూ అక్కడే ఉండేవాళ్లు. ఇతనొక్కడే వన్ టౌన్‌లో గది తీసుకుని ఉండేవాడు. సెలవు దొరికితే చాలు, బస్సెక్కేసేవాడు.

"పిల్లల్ని ఇక్కడికి తెచ్చేసుకోవయ్యా, ఎన్నాళ్లిలా తిరుగుతావు?" అన్నానొకసారి.

"మా ఆవిడ ఉండలేదండి గురువుగారూ. ఇక్కడ దొరికేవి చేపలంటారా అండీ అసలు?" అని పడీపడీ నవ్వాడు.

ఊరి నుంచి వస్తూ ఎండు చేపలు తెచ్చి ఆఫీసంతా పంచేవాడు. శాకాహారులం కొందరం ముక్కు మూసుకుని తిట్టేవాళ్లం. తిడితే ఇంకాస్త దగ్గరికి తెచ్చి చూపించేవాడు. వెధవ సరదా అతనికి. తండ్రికి మాత్రం ఒక మాట గట్టిగా నేర్పి పెట్టాడు. ఏం జరిగినా సరే, బందరు వెళ్లి బెజవాడ పెద్ద ఆఫీసుకి టెలిగ్రాం కొట్టించాలని.

డెబ్బై ఏడు కార్తీకంలో ఉప్పెన వచ్చింది. బెజవాడలో మేం చూసింది గాలీ, వానా, కూలిన చెట్లూ. కరెంటు లేక ఇబ్బంది పడ్డాం. అంతే అనుకున్నాం. తెల్లారేసరికి బందరు లైను చచ్చిపోయి ఉంది. గుంటూరు మీదుగా రేపల్లె వైపు తిప్పుదామంటే అదీ లేదు. కౌంటరు ముందు మాత్రం జనం తిరునాళ్లలా చేరారు. అందరి కబురూ ఒకటే. క్షేమమేనా, వెంటనే తెలపండి. బందరు గూడు నిండింది. ఆపైన వచ్చినవి చెక్కపెట్టెలో పెట్టాం. అదీ నిండాక గోనెసంచిలో వేశాం. నా ఉద్యోగమంతటిలో, దారి చూపించలేకపోయింది అప్పుడొక్కసారే.

"వెళ్లవయ్యా, నీ డ్యూటీ మేం చూసుకుంటాం" అన్నాం అతనితో.

"బస్సు పామర్రు దాకానే పోతోందంటండి. ఆపైన చెట్లు పడిపోయాయంట. మధ్యలో ఇరుక్కుంటే అక్కడా ఇక్కడా కాకుండా పోతానండి. మా నాన్న బందరొచ్చి కొట్టిస్తాడు. లైను కలిస్తే బెజవాడ మొత్తానికి ముందు తెలిసేది నాకే కదండీ."

నిజమేననిపించింది. అతను ఆ మిషన్ ముందు నుంచి కదల్లేదు. పేపర్లో శవాల లెక్కలు పెరుగుతూ వచ్చాయి. చదివి, మడిచి, పక్కన పెట్టేవాణ్ని. ఇంటికెళ్లి అన్నం తిన్నాను. పడుకుంటే నిద్ర పట్టింది. మనసు మొద్దుబారిపోయిందంటారే, అదేనేమో.

ఒక ఉదయం బందరు మిషన్ గంట కొట్టింది. అందరం పరిగెత్తాం. అవతలి ఆపరేటరు, "మీవి ఆపండి, ముందు మావి తీసుకోండి" అని కొట్టాడు. ఇంకొకరు కూర్చుంటారులే అంటే ఇతను వినలేదు. వెనక నేను నిలబడ్డాను.

వరస ప్రకారం ముందు చావులు మొదలయ్యాయి. ఫాదర్ ఎక్స్‌పైర్డ్. మదర్ అండ్ చిల్డ్రన్ ఎక్స్‌పైర్డ్. ఆల్ ఎక్స్‌పైర్డ్. దివిసీమ వాళ్లవి, బందరు చుట్టుపక్కల వాళ్లవి, కొడుకులకీ, అన్నలకీ, అల్లుళ్లకీ. ప్రతి దాంట్లోనూ ఎవరికన్న పేరు ముందు పడుతుంది. అతను ఆ పేరొక్కటే చూసేవాడు. "కాదు" అనేవాడు మెల్లగా. చింపి నాకిచ్చేవాడు. నేను గూట్లో పెట్టేవాణ్ని. మళ్లీ "కాదు". ఇన్ని చావులు చేతులు మారుతుంటే నా బుర్రలో ఉన్నదల్లా హైదరాబాదు గూడు నిండిపోతుందేమో అన్న బెంగే. సిగ్గు వెయ్యలేదు. దుఃఖం రాలేదు. ఏమీ లేదు.

పొద్దెక్కిన కొద్దీ అతని మొహం తేటపడుతూ వచ్చింది.

"ఇంకా రాలేదంటే మంచిదే కదండీ గురువుగారూ? చావైతే పైనే ఉండాలి కదండీ?"

"ఉండాలి మరి. కింద ఎందుకుంటుంది?" అన్నాను. అప్పటికి నేనూ అదే నమ్ముతున్నాను.

మధ్యాహ్నం భోజనాల వేళకి మొదటి మామూలు కబురు పడింది. ఆల్ సేఫ్. డోంట్ వర్రీ. ఎవరో గుడివాడ ఆయన పేరు మీద. ఒక్కసారిగా ఆఫీసంతా గోలెత్తింది. "హమ్మయ్య! చావులైపోయాయిరా నాయనా! ఇక నీవాళ్లది క్షేమమే!" అని వీపు మీద చరిచారు. ఒకాయన అందరికీ టీ చెప్పాడు. అతను నవ్వుతూనే ముంజేత్తో కళ్లు తుడుచుకున్నాడు. నేనూ వెళ్లి అతని వీపు మీద చరిచాను. టీ తాగాను, బాగుంది కూడా.

క్షేమాలు వస్తూనే ఉన్నాయి. "కాదు" అంటున్నాడు మళ్లీ. ఈసారి గట్టిగా, ధీమాగా, తర్వాతిది నాదే అన్నట్టుగా. టీ గ్లాసులు తీసుకెళ్లిపోయారు. ఎవరి సీట్లోకి వాళ్లు వెళ్లారు. ధీమా తగ్గింది, గొంతు తగ్గింది. ఆఖరికి అవతలివాడు, "అయిపోయాయి, ఇక మీవి పంపండి" అని కొట్టాడు.

ఇతను ఒకసారి మళ్లీ చూడమని కొట్టాడు. లేవని వచ్చింది. బల్ల కిందేమైనా టేపు పడిందేమో చూడమన్నాడు. మిషన్ కాసేపు ఊరుకుంది. చూశాను, లేవు, ఎవరి కోసం అని అడిగాడు అవతలివాడు. ఇతను ఊరి పేరు కొట్టాడు. చివరికి, ఆ ఊరి నుంచి బందరుకి ఇంతవరకూ ఒక్క మనిషీ రాలేదని వచ్చింది.

అతను మీటల మీంచి చేతులు తీసేశాడు.

"చావు కబురు కొట్టించడానికైనా ఒకళ్లు మిగలాలి కదండీ గురువుగారూ" అన్నాడు. "పొద్దున్నుంచీ మనం ఆ మాటే ఆలోచించలేదు."

అతను లేచి, చెప్పులేసుకుని, చొక్కా సర్దుకుని, బస్టాండుకి వెళ్లిపోయాడు. సహాయం సామాన్లు తీసుకెళ్లే లారీ పట్టుకుని రెండోనాటికి ఊరు చేరాడట. ఇల్లు ఎక్కడుండేదో కూడా ఆనవాలు దొరకలేదట. అయిదుగురిలో ఒక్కరూ కనబడలేదు. ఆ తర్వాత అతను మా ఆఫీసుకి తిరిగి రాలేదు. ఎక్కడికో బదిలీ అడిగి వెళ్లిపోయాడని విన్నాను.

ఆ మధ్యాహ్నం లైను ఖాళీగా ఉండకూడదు కాబట్టి అతని కుర్చీలో నేనే కూర్చున్నాను. గూడూ, పెట్టే, గోనెసంచీ వరసగా తీసి పంపడం మొదలుపెట్టాను. అందులో అతనిదీ ఒకటుంది, తండ్రి పేరు మీద. నేను ఇక్కడ క్షేమం, నా గురించి కంగారు పడకండి అని. ఒక నిమిషం చేతిలో పట్టుకుని చూశాను. దాని వంతు వచ్చింది కదా అని అదీ పంపేశాను. అవతలి నుంచి, అందింది అని జవాబు వచ్చింది.